సుర్ఖీ నాది, మతలబ్ ఎవరిది?

మా ఉర్దూ మీడియం బడిలో రియాజీ పీరియడ్ అంటే నాకు భయం. ఉస్తాద్ నల్లబల్ల మీద సుద్దముక్కతో దాయిరా గీసేవారు. నడిమధ్యలో ఒక చుక్క పెట్టి "యే హై మర్కజ్" అనేవారు. మర్కజ్ నుంచి అంచుదాకా గీసే గీత నిస్ఫ్ ఖుతర్. తర్వాత నేను డిగ్రీలో తెలుగు తీసుకుని, ఖర్చులకు ట్యూషన్లు చెప్పుకునే రోజుల్లో అదే దాయిరా వృత్తం అయింది. మర్కజ్ కేంద్రం అయింది. అబ్బా చదివే ఉర్దూ అఖ్బార్‌లో ఢిల్లీ సర్కారును మర్కజీ హుకూమత్ అని రాసేవారు. 2020 మార్చి ఆఖరుదాకా ఆ లఫ్జ్ గురించి నాకు తెలిసిందంతా ఇంతే. దాన్ని చూసి జనం భయపడతారని ఎన్నడూ అనుకోలేదు.

మార్చి 30 రాత్రి తెలంగాణ ప్రభుత్వం ఒక ప్రకటన ఇచ్చింది. నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ ఇజ్తెమాకు వెళ్లొచ్చినవాళ్లలో ఆరుగురు కరోనాతో చనిపోయారని. మర్నాడు సాయంత్రం నేను కర్నూలులో జిల్లా ఎడిషన్ డెస్క్ మీద కూర్చున్నాను. జిల్లా నుంచి ఢిల్లీ వెళ్లొచ్చినవాళ్ల లెక్కలు రిపోర్టర్లు పంపుతున్నారు. ఎంతమంది వెళ్లారు, ఎంతమంది క్వారంటైన్‌లో ఉన్నారు, ఎంతమంది శాంపిళ్లు తీశారు. పేజీ వదలడానికి ముప్పావు గంట ఉంది. సుర్ఖీ పెట్టింది నేనే. జిల్లాలో 'మర్కజ్' కలకలం. దాని కింద ఉపశీర్షిక: జల్లెడ పడుతున్న అధికారులు.

వార్తలో ఒక్క అంకె తప్పు లేదు. నేను రెండుసార్లు చూశాను. మన ఖౌమ్ సంగతి కాబట్టి మామూలుకన్నా ఎక్కువగానే చూశాను. అబద్ధం ఒక్కటి కూడా దొర్లకూడదని ఆ రాత్రి నాకున్న నియ్యత్. అల్లా సాక్షి, నియ్యత్‌లో ఖోట్ లేదు.

మూడో రోజు పొద్దున ఖాలూ ఫోన్ చేశారు. మా ఖాలా భర్త. ముప్పై ఏళ్లుగా బండి మీద పళ్లు అమ్ముతారు. లాక్‌డౌన్‌లో పొద్దున కాసేపు అమ్ముకోనిచ్చేవారు. ఆయన రోజూ వెళ్లే వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె కూతురి పెళ్లికి పళ్లబుట్టలు ఈయనే కట్టిచ్చారు. ఆ రోజు ఆమె గేటు తీయకుండానే అడిగిందట, "మీవాళ్లెవరన్నా ఆ మర్కజుకు పోయినారా?" అని. ఖాలూకు ఆ మాట అర్థం కాలేదు. ఆయన తబ్లీగ్ మనిషి కాదు, దర్గాలకు పోయే మనిషి. "మర్కజ్ ఏందమ్మా, నేను మార్కెట్టుకే పోతాండా" అన్నారట. ఆమె నవ్వలేదు. ఆ వారం ఆ వీధిలో ఆయన బండి మీద పళ్లు కొన్నవాళ్లు లేరు. సపోటాలు మగ్గి కుళ్లిపోయాయి. ఫోన్‌లో నన్ను అడిగింది ఒక్కటే: "క్యా లిఖ్ దియే బేటా పేపర్ మే?"

నేను ఏం రాశానో ఆయనకు చదివి వినిపించాను. విని, "ఇందులో తప్పేముంది?" అన్నారు ఖాలూ. ఆయనకు నిజంగానే కనిపించలేదు.

అదే సుర్ఖీని మా మొహల్లాలో వేరేగా చదివారు. అక్కడొక కుర్రాడు ఢిల్లీ నుంచి బెడ్‌షీట్లు తెచ్చి ఊళ్లు తిరిగి అమ్ముతాడు. నిజాముద్దీన్ వైపు పోనేలేదు. 'జల్లెడ' అన్న ముక్క చూసి ఫోన్ కట్టేసి నాలుగు రోజులు పొలాల్లో మోటారు కొట్టంలో పడుకున్నాడు. తిరిగొచ్చాక నేనే టెస్టుకు తీసుకుపోయాను, ఏమీ లేదు. "జల్లెడ దొంగల కోసమే కదన్నా పడతారు?" అన్నాడు. డిగ్రీ ఫెయిలైన పిల్లాడు. వాడు చదివినట్టు నా వార్తను నేను చదవలేదు.

ఆ మాట పట్టుకుని పాత పేజీలు తిరగేశాను. మార్చి రెండో వారంలో విదేశాల నుంచి వచ్చినవాళ్ల గురించి మేం రాసిన వార్తల్లో 'వచ్చారు', 'గుర్తించారు', 'ఇంట్లోనే ఉండాలని సూచించారు' ఉన్నాయి. ఏప్రిల్‌లో 'గాలింపు', 'అదుపులోకి', 'పట్టుబడ్డారు', 'దాక్కున్నారు' వచ్చేశాయి. క్రైమ్ పేజీ మాటలు ఆస్పత్రి వార్తల్లోకి నడిచొచ్చాయి. ఎవరూ పైనుంచి హుకుం ఇవ్వలేదు. వేళ్లకు అలవాటైన మాటలు అవి. ఆ మాటలు వేసిన వేళ్లలో నావీ ఉన్నాయి.

తెలుగు క్లాసులో అలంకారశాస్త్రం చెప్పేటప్పుడు మా మాస్టారు అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు చెప్పేవారు. పరీక్షకోసం బట్టీ పట్టాను. మాట నేరుగా చెప్పేది అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు పక్కదానికి జరిగేది లక్షణ. మాట ఆగిపోయాక కూడా వినేవాడి మనసులో మోగేది వ్యంజన. ఆనందవర్ధనుడు దాన్నే ధ్వని అన్నాడు. మర్కజ్ అంటే కేంద్రం, ఇది అభిధ. నిజాముద్దీన్‌లోని ఆ బిల్డింగ్, ఇది లక్షణ. ఏప్రిల్ నాటికి ఆ మాట వినగానే పెద్దమ్మకు గేటు తీయబుద్ధి కాలేదే, అది వ్యంజన. శాస్త్రం ధ్వనిని వినడానికి సహృదయుడు కావాలంటుంది. భయపడ్డ మనిషికి కూడా ధ్వని వినిపిస్తుందనీ, సహృదయుడికన్నా గట్టిగా వినిపిస్తుందనీ మా సిలబస్‌లో లేదు.

అంకెల సంగతీ ఇంతే. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలో 14,378 కేసులున్నాయని, వాటిలో 4,291, అంటే 29.8 శాతం, తబ్లీగీ జమాత్‌తో ముడిపడినవని చెప్పింది. ఆ అంకె అబద్ధమని నేననను. కానీ ఆ రోజుల్లో టెస్ట్ కిట్లకు కరువు. ఒక గుంపును వెతికి వెతికి పరీక్షిస్తున్నారు, మిగతావాళ్లకు లక్షణాలు ముదిరితే తప్ప పరీక్ష లేదు. ఎక్కడ ఎక్కువ వెతికితే అక్కడ ఎక్కువ దొరుకుతుంది. పైగా దేశంలో ఇంకే జమావడాకూ రోజువారీ ఖాతా విడిగా తెరవలేదు. అదే శాఖ ఏప్రిల్ 8న ఏ వర్గానికీ ఏ ప్రాంతానికీ రోగం అంటగట్టవద్దని సలహా పత్రం ఇచ్చింది. పది రోజుల తర్వాత ఆ శాతం చదివింది కూడా ఆ శాఖే. ఇద్దరికీ నియ్యత్ మంచిదే అయి ఉండవచ్చు. జనం చెవిలో నిలిచింది మాత్రం శాతమే. సలహా పత్రం మా పేజీలో ఎక్కడ వేశామో వెతికితే దొరకలేదు, అసలు వేశామో లేదో.

ఇక్కడిదాకా చదివి 'శభాష్, మీడియా బండారం బయటపెట్టాడు' అనుకునేవాళ్లకు ఒక మాట. మన ఇళ్లలో ఎలా చదివామో అదీ చెప్పుకోవాలి. మార్చి 16నే ఢిల్లీ సర్కారు యాభై మందికి మించి గుమిగూడవద్దంది. ఆ తర్వాత కూడా అంతమంది ఒకే కప్పు కింద ఉండిపోవడంలో లాపర్వాహీ ఉంది. రైళ్లు ఆగిపోయి చిక్కుకుపోయామన్నది నిజమే కావచ్చు, అంతకుముందు వారం సంగతేమిటని అడిగితే మా బంధువుల్లోనే నన్ను 'గోదీ మీడియా' అన్నవాళ్లున్నారు. అంటే మన మీద ఇల్జామ్ వేసే వార్త అంతా అబద్ధమే అయి తీరాలి. ఏప్రిల్ 1న ఇందౌర్‌లోని టాట్‌పట్టీ బాఖల్‌లో ఏం జరిగింది? పరీక్షలకు వచ్చిన ఆరోగ్య సిబ్బంది మీద రాళ్లు పడ్డాయి. ఇద్దరు లేడీ డాక్టర్లకు దెబ్బలు తగిలాయి. బాగున్నవాళ్లను కూడా పట్టుకుపోయి రోగం అంటిస్తున్నారన్న పుకార్లు అప్పటికే అక్కడి ఫోన్లలో తిరుగుతున్నాయి. టీవీలో చూసిన ప్రతిదీ అబద్ధమని, వాట్సప్‌లో వచ్చిన ప్రతిదీ సచ్ అని నమ్మేశాం. సూరా హుజురాత్ ఆరో ఆయత్‌ను జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఖబర్ తెచ్చినవాడు ఎలాంటివాడో చూసి తహ్ఖీఖ్ చేసుకోమంటుంది, లేకపోతే తెలియక ఒకరికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారంటుంది. ఆ ఆయత్‌ను మనం టీవీ యాంకర్లకు చదివి వినిపిస్తాం. ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరూ చదవరు.

నేనూ తక్కువ తినలేదు. 2020 అక్టోబర్‌లో తనిష్క్ నగల ప్రకటన గుర్తుందా? ముస్లిం అత్తగారింట్లో హిందూ కోడలికి సీమంతం చేస్తారు. గొడవ చేసి దాన్ని తీయించారు. ఆ వారమే గుజరాత్‌లో గాంధీధామ్ షాపు మీద దాడి జరిగిందన్న వార్త వచ్చింది. నేను కోపంతో ముగ్గురికి పంపాను. సాయంత్రానికి పోలీసులు దాడి ఏమీ జరగలేదన్నారు. బెదిరింపులు వచ్చిన మాట, భయపడి తలుపుకు క్షమాపణ కాగితం అంటించిన మాట నిజం. దాడి నిజం కాదు. ఆ సవరణను ఆ ముగ్గురికీ నేను పంపలేదు. పంపాలనిపించలేదు. ఎందుకనిపించలేదో అప్పుడు ఆలోచించనూ లేదు.

దానికి ముందు సంవత్సరం సర్ఫ్ ఎక్సెల్ హోలీ ప్రకటన వచ్చింది. ఒక చిన్నపాప సైకిల్ మీద వీధి వీధీ తిరిగి పిల్లల రంగులన్నీ తన మీదే వేయించుకుంటుంది. రంగులైపోయాక తెల్లకుర్తా వేసుకున్న ముస్లిం దోస్తును సైకిలెక్కించుకుని మసీదు దగ్గర దింపుతుంది. తెలుగువాళ్లకు 'మరక మంచిదే' అంటే చాలు, ఆ కంపెనీ గుర్తొస్తుంది. ఒక నిమిషం సినిమా. కొందరికి అందులో హిందూ అమ్మాయి, ముస్లిం అబ్బాయి తప్ప ఇంకేమీ కనపడలేదు. కోపం పట్టలేక కొందరు మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కు పోయి ఒక్క చుక్క ఇచ్చి తిట్టొచ్చారు. బట్టల సబ్బుపొడి మీద కోపం లెక్కల సాఫ్ట్‌వేర్ మీద తీర్చుకున్నారు. నవ్వుకున్నాం. కానీ మా ఇంట్లో ఏం జరిగిందంటే, అమ్మీకి ఆ పాప తెగ నచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. మా తమ్ముడు మాత్రం ముఖం మాడ్చి, "రంగు పడితే మనం చచ్చిపోతామని చూపిస్తున్నారా? మనమేదో ముట్టుకోకూడని వాళ్లమైనట్టు" అన్నాడు. ఒకే సోఫా, ఒకే టీవీ. అమ్మీకి మొహబ్బత్ కనిపించినచోట వాడికి తౌహీన్ కనిపించింది. వాడి మాటలో అసలు పస లేదని చెప్పలేను.

ఇంకో లఫ్జ్ సంగతి. రజాకార్. ఉర్దూలో దాని మతలబ్ స్వచ్ఛందంగా పనిచేసేవాడు, అంతే. 1947-48 తర్వాత హైదరాబాద్ రియాసత్ ఊళ్లలో దానికి ఆ మతలబ్ మిగలలేదు. ఖాసిం రజ్వీ మనుషులు చేసిన జుల్మ్‌ను ఆ మాట మోస్తోంది. అది మోయాల్సిందే, ఎవరూ దాన్ని కడిగేయాలని చూడొద్దు. కానీ రాయలసీమలో, నిజాం పాలన పోయి నూటయాభై ఏళ్లు దాటిన ఊళ్లో, కాలేజీలో నన్నొకడు సరదాకి 'ఏరా రజాకార్' అన్నాడు. వాడి నియ్యత్ కూడా చెడ్డదేమీ కాదు, ఇప్పటికీ దోస్తే.

2023 సెప్టెంబర్‌లో 'రజాకార్' సినిమా టీజర్ వచ్చింది, 2024 మార్చిలో, పార్లమెంటు ఎన్నికలకు కాస్త ముందు, సినిమా వచ్చింది. నాకు వచ్చిన ఫోన్లు రెండు రకాలు. 'ఇదీ మీ చరిత్ర' అన్నట్టు మాట్లాడిన పాత పరిచయస్తులు కొందరు. 'అంతా ఝూట్, రజాకార్లు ఏమీ చేయలేదు' అన్న మనవాళ్లు కొందరు. రెండు వైపులా ఒకే పొరపాటు. రజాకార్ అంటే ముసల్మాన్ అని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఒకరు తిట్టడానికి, ఒకరు వకాలత్ చేయడానికి. షోయబుల్లాఖాన్ ఇద్దరికీ గుర్తు రాలేదు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ అఖ్బార్ ఎడిటర్. రజాకార్లకు వ్యతిరేకంగా, ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో ఆయన్ను చంపారు. రాసే చెయ్యి నరికారు. ఆయన ముసల్మాన్, సహాఫీ, నా బిరాదరీ. సినిమా మీద కోపంతో రజాకార్ల తరఫున మాట్లాడినవాళ్లు ఆయన్ను రెండోసారి చంపారని నేను ఒక మెసేజ్‌లో రాశాను. ఇద్దరు గ్రూప్ వదిలి వెళ్లిపోయారు.

ఇదే లఫ్జ్ బంగ్లాదేశ్‌లో 1971 నాటి గద్దారీకి పేరు. 2024 జులైలో అక్కడి ప్రధాని షేక్ హసీనా, కోటా ముక్తియోద్ధల మనవళ్లకు కాకపోతే రజాకార్ల మనవళ్లకు ఇవ్వాలా అన్నారు. ఆ రాత్రే ఢాకా యూనివర్సిటీ పిల్లలు తాము రజాకార్లమంటూ నినాదాలిచ్చారు. అది వెటకారం. మమ్మల్నే అంటున్నావు కదా, అయితే అదే మేం, అని. దాన్ని కొందరు నిజంగానే ఒప్పుకున్నట్టు చదివారు. ఆగస్టు 5న హసీనా దేశం విడిచి వెళ్లారు. ఒక్క మాటవల్లే సర్కారు పడిపోయిందని చెప్పను, ఎన్నో ప్రాణాలు పోయాయి, ఏళ్లనాటి గుస్సా ఉంది. కానీ ఆ మాట ఎక్కడిదాకా పోతుందో అన్న మనిషికి తెలియలేదు.

కాబట్టి ఏం చేయాలి అంటే, సినిమా వస్తే బ్యాన్ చేయమనే పిలుపు మీద నాకు ఎతేబార్ లేదు. 2023లో 'ద కేరళ స్టోరీ'ని పశ్చిమ బెంగాల్ ఆపింది. మే 18న సుప్రీంకోర్టు ఆ నిషేధం మీద స్టే ఇచ్చి, 32,000 మంది అన్న అంకెకు పక్కా ఆధారం లేదని సినిమాలో రాయమంది. ఆ అక్షరాలు తెర మీదికి వచ్చేసరికి జనం పాప్‌కార్న్ సర్దుకుంటూ ఉంటారని నాకూ తెలుసు. అయినా నిషేధం కన్నా అదే నయం. నిషేధిస్తే చూడనివాడికి కూడా అందులో ఏదో నిజం ఉందన్న షక్ మొదలవుతుంది.

నాకు పనికొస్తుందనిపించేది చాలా చిన్న పని, విసుగు పుట్టించే పని. పేపర్లో మాట తప్పుగా పడితే ఎడిటర్‌కు చీటీ రాయండి. తేదీ, పేజీ, ఏ మాట, ఎందుకు తప్పు. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్ ఉంది, దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపు రాయాలి. ఏమీ కాదనుకోవద్దు. 2021 జూన్‌లో టీవీ చానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థ ఈ తబ్లీగ్ కవరేజీ మీదే రెండు కన్నడ చానెళ్లకు జరిమానా వేసింది. బెంగళూరులో కొందరు మామూలు పౌరులు కూర్చుని, ప్రసారాలు చూసి, ఒక్కొక్క మాటా రాసుకుని ఫిర్యాదు పెట్టారు. నా ఇరవై ఏళ్ల నౌకరీలో మన మొహల్లాల నుంచి డెస్క్‌కు వచ్చిన ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోన్లో తిట్లు మాత్రం లెక్కలేనన్ని. తిట్టు ఫైల్‌లో పెట్టుకోవడానికి పనికిరాదు. ఉత్తరం పనికొస్తుంది. నేను డెస్క్ మీటింగ్‌లో 'ఈ మాట మార్చుదాం' అంటే అది నా మజ్‌హబ్ మాట అవుతుంది, పాఠకుడి ఉత్తరం చూపిస్తే పాఠకుడి మాట అవుతుంది.

ఇక కోర్టులు ఏమన్నాయో చెప్పాలి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ 29 మంది విదేశీ తబ్లీగీల మీద ఎఫ్‌ఐఆర్‌లు కొట్టేసింది. వాళ్లను బలిపశువులను చేశారంది, పేపర్లూ టీవీలూ పెద్ద ఎత్తున ప్రచారం చేశాయంది. ఆ వార్త మా ఎడిషన్‌లో లోపలి పేజీలో, సింగిల్ కాలమ్, నాలుగు పేరాలు. ఆ డిసెంబర్‌లో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులంది. అదీ అంతే. 2025 జులై 17న ఢిల్లీ హైకోర్టు, ఆ రోజుల్లో విదేశీయులకు చోటిచ్చారని 70 మంది భారతీయుల మీద పెట్టిన 16 కేసులు కొట్టేసింది. ఐదేళ్లు పట్టింది.

ఆ సాయంత్రం డెస్క్ మీద నేనే ఉన్నాను. ఈసారి మొదటి పేజీలో వేయమని పట్టుబట్టి, కింది భాగంలో రెండు కాలమ్‌ల చోటు సంపాదించాను. సుర్ఖీ రాశాను: మర్కజ్ కేసులు కొట్టివేత. 2020లో నేను ఆ మాట చుట్టూ కోట్స్ పెట్టాను కదా, ఆ రెండు చిన్న గీతలు. మన మాట కాదు, జాగ్రత్త, అని పాఠకుడి చెవిలో ఊదే గీతలు. ఈసారి పెట్టలేదు. ఫలానా మాట అని తెలియజేయడానికి నాకు అవి అక్కర్లేదనిపించింది. కేంద్రం అనే మాటకు ఎవరైనా కోట్స్ పెడతారా?

మర్నాడు పేపర్ తీసుకుని ఖాలూ ఇంటికి వెళ్లాను. ఇప్పుడాయన బండి తోయట్లేదు, మోకాళ్ల నొప్పులు. కూతురు కొడుకు తోస్తున్నాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారాయన. సుర్ఖీ మీద వేలు పెట్టి చదివి, "ఇది ఆ పెద్దమ్మకు చూపిస్తే బాగుండు" అన్నారు. ఆమె ఆ ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయి మూడేళ్లయిందట.

అప్పుడు చూశాను. రాత్రి నేను ఇంటికి వచ్చాక పేజీ చూసిన కుర్రాడెవరో, కొత్తగా చేరిన సబ్ ఎడిటర్, పాత వార్తలన్నీ సెర్చ్ చేసి మన స్టైల్ ఇదే అనుకున్నట్టున్నాడు. మర్కజ్‌కు అటొకటి ఇటొకటి కోట్స్ పెట్టి వదిలాడు.